వెనుక సీటులో కుడి పక్క

మా డ్రైవరు పోయాడని మొన్న బుధవారం పొద్దున ఆసుపత్రినుంచి కబురు వచ్చింది. నేను మిద్దె మీద కందిపప్పు ఎండబోస్తున్నాను. మూడు రోజుల జ్వరం. పద్నాలుగేళ్లు మా కారు నడిపిన మనిషి. ఎవరినైనా మెచ్చుకోవడం నాకు అలవాటు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఇది రాసి తీరాలి. ఒకప్పుడు నేను అతని కొలువు తీయించబోయాను. ఆ మాటను నా పుస్తకంతోనే నా చేత వెనక్కి తీయించాడు.

మాది పాలమూరు. మా అబ్బాయి వకీలు. నెలకోసారి నేను కొల్లాపురంలో కూతురింటికి కారులో పోయి వచ్చేదాన్ని. బయలుదేరిన గంట, చేరిన గంట, దారిలో జరిగినదంతా పుస్తకంలో రాసుకోవడం నా పద్ధతి. కారులో నా చోటు కూడా ఖాయమే. వెనుక సీటులో కుడి పక్క, సరిగ్గా డ్రైవరు వీపు వెనక. చక్రం మీద అతని చేతులు ఎలా ఉన్నాయో అక్కడినుంచి కనబడతాయి. నేను మడితో ప్రయాణం చేసేదాన్ని కనుక నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. మనవరాలు సైతం ఇంట్లోనే ఉండిపోయేది.

రెండో ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. ఒక ఏడు వానలు వెలిశాక కారు వెనుక భాగం ఊగడం మొదలుపెట్టింది. తిన్నని సడక్ మీద ఏమీ లేదు. మలుపులో మాత్రం వెనుక చక్రాలు బయటికి జారినట్టయి, రెండు మూడు మార్లు ఊగి కుదుటపడేవి. ఒకనాడు తాటిచెట్ల మలుపులో చక్రం సడక్ అంచు దాటి కంకరలో దిగింది. ఇంటికి రాగానే మా అబ్బాయితో చెప్పాను, వీడు మలుపుల్లో దూకుడుగా పోతున్నాడు, ఇంకొకరిని చూడు అని.

"నన్ను తీస్కపోయినప్పుడు ఒక్కనాడు ఊగలేదమ్మా. నువ్వున్నప్పుడే ఊగుతాందంటే బండి తప్పు గాదు, వాని తప్పే" అన్నాడు. ఊళ్లో మెకానిక్ కారును నిలబెట్టి చక్రాలూ టైర్లూ అన్నీ చూసి, ఏ లోపమూ లేదన్నాడు. నెలాఖరుకు డ్రైవరు వెళ్లిపోవాలని తేలిపోయింది. అతనూ భార్యా మా దొడ్డిలోని గదిలో ఉండేవారు. కొలువుతోపాటు ఆ గదీ పోతుంది. పెద్దామెను గోతిలో పడేయబోయినవాడన్న పేరు పడితే జిల్లాలో ఇంకెవరూ చక్రం చేతికివ్వరు.

అతను బతిమాలలేదు. గడప అవతల నిలబడి ఒక్కటే అడిగాడు.

"అమ్మా, మీ పుస్తకం ఒక్కపారి చదివి వినిపియ్యుండ్రి."

చదివాను. కారు ఊగిన చోటల్లా రాసి ఉంది, ఏడుసార్లు. ప్రతిదానికీ అతను కళ్లు మూసుకుని, ఆ మలుపును చేత్తో గాలిలో గీశాడు.

"అన్ని ఎడమ మలుపులే. తాటిచెట్ల కాడ పోయేటప్పుడు ఎడమకు తిరుగుతం, వచ్చేటప్పుడు గదే మలుపు కుడికైతది. వచ్చేటప్పుడు ఊగిందని రాసిన్రా?"

"లేదు."

"మీరు రాయలేదంటే ఊగలేదన్నట్టే. మీరు ఇడిసిపెట్టే మనిషి గాదు." కాలి బొటనవేలితో నేల మీద కారు బొమ్మ గీశాడు. "ఎడమకు తిరిగితే బరువంత కుడి పక్కకు వడ్తది. కుడి పక్క నేనున్న. నా ఎనుక మీరున్నరు. ఎడమ దిక్కు ఎవ్వరు లేరు. వకీలు సాబు నాతోని ముంగట ఎడమకు కూసుంటడు."

నా బరువు సంగతి అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు తాటిచెట్ల మలుపుకు పోయాం. డ్రైవరు మా అబ్బాయిని సాక్షిగా సడక్ పక్కన నిలబెట్టాడు. నా కాళ్ల దగ్గర ముప్పాతిక చెంబు నీళ్లు పెట్టించాడు. మొదట నేను కుడి పక్కనే కూర్చున్నాను. మలుపు తిరగగానే కారు ఊగి, సగం చెంబు నా చీర కుచ్చెళ్ల మీద ఒలికింది.

"మల్ల అంతే నింపుకోని, ఇప్పుడు జర ఎడమకు జరుగుండ్రి."

"ఈసారి కొంచెం మెల్లగా పోనీ."

"వద్దమ్మా. ఒకేపారి రెండు మారిస్తే ఏది దొంగో తెలువది."

జరిగాను. అదే మలుపు, అదే వేగం. నీళ్లు అంచుదాకా వచ్చి ఆగాయి. ఒక్క చుక్క ఒలకలేదు. మా అబ్బాయి సడక్ పక్కనుంచి పరుగెత్తుకొచ్చాడు. డ్రైవరు తొందరపడలేదు. దొంగను రెండోసారి కూడా పట్టుకోవాలని నన్ను తిరిగి కుడి పక్కకు కూర్చోబెట్టి తిప్పాడు. మళ్లీ ఒలికింది.

నన్ను దిగనివ్వకుండా అక్కడే దారం తీశాడు. ఒక కొస మా అబ్బాయి చేతికిచ్చి, ముందు చక్రం నడిమినుంచి వెనుక చక్రం నడిమికి ఎడమ పక్కన కొలిచి ముడి వేశాడు. అదే దారం కుడి పక్కన పట్టి చూస్తే వేలెడు చాలలేదు. వకీలు సాబు మోకాళ్ల మీద దుమ్ములో కూర్చుని ఆ ముడిని మూడుసార్లు చూశాడు.

ఇంటికొచ్చి కారు లేపి, వెనుక బరువు మోసే కుడి కమాను పట్టీలు విప్పారు. పట్టీలను కూర్చి ఇరుసు మీద కదలకుండా నిలిపే నడిమి బోల్టు తెగి రెండు ముక్కలైంది. దాన్ని అదిమిపట్టే బిగింపులూ వదులయ్యాయి. బరువు పడినప్పుడల్లా ఇరుసు ఆ పక్క వెనక్కి జరుగుతోంది. ఖాళీ కారును నిలబెట్టి చూసిన మెకానిక్‌కు అది కనబడలేదు.

"రోగి లేసి నడిస్తేనే గదా కుంటు తెలిసేది" అన్నాడు డ్రైవరు. ఆ ఒక్క పూట అతని గొంతు కాస్త పైకి లేచింది. లేవడం న్యాయమే.

యుద్ధం వల్ల హైదరాబాదులో కూడా సామాను దొరకక, కమ్మరి చేత కొత్త బోల్టు కొట్టించి తనే బిగించాడు. రాసినది కొట్టివేయడం నా పద్ధతి కాదు. 'దూకుడుగా నడిపాడు' అన్న వరుస కిందనే 'తప్పు నాది' అని రాసి, అతనికి చదివి వినిపించాను. తలవంచి విన్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"బోల్టు కొత్తదైనా అలవాటు పాతదైతే మల్ల తెగుతదమ్మా. ఎడమ పక్క ఎవరన్న ఉండాలె."

ఆ నెలనుంచి నా మనవరాలు నా పక్కన కూర్చుని కొల్లాపురం వచ్చింది. దారి పొడుగునా నా భుజం మీద నిద్రపోయింది. మడి ఏమైందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం అతన్ని సొంతూరికి ముందుగా బండిలో తీసుకుపోయారు. ఆ ఊరు కొల్లాపురం దారిలోనే ఉంది. అతని భార్యను మేము కారులో తీసుకెళ్లాం. మా అబ్బాయే నడిపాడు. నడపడం నేర్పింది అతనే. ఆమె తలుపు దగ్గర నిలబడి, "నేను కింద కూసుంటనమ్మా" అంది.

"కింద కాదు. నా పక్కన కూర్చో. ఎడమ దిక్కు ఖాళీగా ఉంటే ఈ బండి ఒప్పుకోదు."

"ఆయన గూడ గదే అనేటోడు" అని ఎక్కి కూర్చుంది.

దారిలో ఆమె తాగడానికని తెచ్చిన నీళ్ల చెంబు మా ఇద్దరి కాళ్ల మధ్య ఉంది. తాటిచెట్ల మలుపు వచ్చింది. మా అబ్బాయి వేగం తగ్గించలేదు. చెంబులో నీళ్లు ఒక పక్కకు లేచి, అంచును తాకి, మళ్లీ నడిమికి వచ్చి నిలిచాయి.