నేను కట్టిన చల్లగాలి పెట్టె

నేను బడి మెట్లు ఎక్కినవాణ్ణి కాదు. స్పేరు పార్టుల అట్టపెట్టెల మీద అక్షరాలు నేర్చుకున్నాను. ముందు తెలుగు, తర్వాత కన్నడ, ఆఖరికి కూడబలుక్కుంటూ ఇంగ్లీషు. సర్వీసు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివిన మెకానిక్కు సండూరు నుంచి కూరెకుప్ప దాకా నేనొక్కణ్ణే అని జీవితమంతా చెప్పుకుంటూ తిరిగాను. ఈ మాట ముందే ఎందుకంటే, తర్వాత జరిగినదానికి పాపం చదువులేనివాడు అని ఎవరూ నా మీద జాలిపడకూడదు. చదివాను. చదివానన్న పొగరే ఆ పని చేసింది.

గనుల నుంచి దిగే లారీ, ముందు లారీ లేపిన ఎర్ర దుమ్మును తాగుతూ వస్తుంది. ఎండాకాలంలో ఇంజను పక్కన గాలి పొయ్యిలోంచి వచ్చినట్టుంటుంది. ఆ వేడి గాలి పీల్చే బండికి ఎత్తు మీద దమ్ము చాలదు. చల్లటి గదిలో కూర్చుని గీసిన గాలి గొట్టాన్ని ఈ ఎండలో తిరిగే బండికి తగిలిస్తారా అని నాకు ఎప్పటినుంచో మంట. ఒకసారి బండి చూడడానికి వచ్చిన డిప్లొమా ఇంజనీరుతో ఆ మాటే అన్నాను. "నీవు స్పానరు పట్టుకో తాతా, డిజైను మేం చూసుకుంటాం" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

ఆ కసి మీదే ఫోనులో వీడియోలు వెతికాను. ఎక్కడో ఒక దేశంలో ఒకాయన తన బండికి చల్లగాలి పెట్టె, అంటే ఇంజను బయటి చల్లగాలి పీల్చేలా చేసే పెట్టె, సొంతంగా కట్టుకుంటున్నాడు. చూసి, నాలుగు రోజుల్లో నేనూ ఒక లారీకి కట్టాను. పాత కూలరు రేకు కత్తిరించి ఎయిర్ ఫిల్టరు చుట్టూ పెట్టె చేశాను, ఇంజను వేడి తగలకుండా. క్యాబిన్ వెనక నుంచి గొట్టం పైకి లేపాను, గాలి కప్పు మీద నుంచి రావాలని. పెట్టె పట్టడానికి చోటు చాలలేదు. అందుకని ఫిల్టరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాన్ని జానెడు కోసేశాను. మధ్యలో రేకు గొట్టం పెట్టి, అతుకుల మీద సైకిలు ట్యూబు చుట్టి క్లాంపులు బిగించాను.

లారీ యజమానిని మేము ధణీ అంటాం. ధణి ఆ పెట్టెను చేత్తో నిమిరి, "నీవే ఇంజనీరు పో మేస్త్రీ!" అన్నాడు. ఆ నెలలోనే ఇంకో నాలుగు లారీల వాళ్లు వచ్చి కట్టించుకున్నారు.

మెచ్చుకోనిది ఒక్కడే, ఆ మొదటి లారీ తోలే డ్రైవరు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. పొద్దున్నే ఫిల్టరు విప్పి దులపందే టీ తాగడు. ట్యూబు అతుకును వేలితో నొక్కి చూశాడు.

"మేస్త్రీ, ఈ ట్యూబు మన ఎండకు బిరుసెక్కుతాది. గొట్టం లోపల రవ్వంత గ్రీజు పూసియ్యి, రెండు ట్రిప్పులు తోల్తా. గ్రీజుకు దుమ్ము అంటుకొనిందంటే యాడో సందు ఉన్నట్టే."

మంచి ఉపాయం. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. అదే నాకు గిట్టలేదు.

"స్టీరింగు పట్టుకునే చెయ్యి స్టీరింగు మీదే పెట్టుకోప్పా. డిజైను నేను చూసుకుంటా" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆయన "సరే మేస్త్రీ" అని బండెక్కి పోయాడు.

ఎండలు ముదిరేసరికి బండి నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. ఆయిలు తాగింది. ఒకరోజు సండూరు ఎత్తు మీద నిలబడిపోయింది. లాక్కొచ్చి, లారీలు బారులు తీరే టీ అంగడి దగ్గర పెట్టారు. డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని చుట్టూ మూగారు. ఫిల్టరు విప్పాను. పైన దుమ్మున్నా లోపలి వైపు శుభ్రంగా ఉంది. దాని తర్వాతి గొట్టంలో వేలు పెట్టాను. వేలు కుంకుమలో ముంచినట్టు వచ్చింది. నేను చుట్టిన ట్యూబు అప్పడంలా ఎండి చీలిపోయింది. దుమ్ము ఆ సందులోంచి దూరి, ఫిల్టరుతో పని లేకుండా నేరుగా ఇంజనులోకి పోయింది.

చెయ్యి జేబులో పెట్టి, లోపలున్న గుడ్డకు వేలు తుడుచుకున్నాను.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు ధణి.

"ఏముంటాది ధణీ. ఫిల్టరు దులపకుండా తోలినాడు."

"దినామూ దులిపితి ధణీ" అన్నాడు డ్రైవరు.

"దులిపుంటే ఇంజను ఎందుకు పోతాదిప్పా?" గొంతు పెంచి మరీ అడిగింది నేనే.

వెనక నుంచి ఇంకో డ్రైవరు, "ఈయప్ప బువ్వ తినడు రా, ఇంజన్లే తింటాడు!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ధణి చెయ్యి చాచాడు. డ్రైవరు తాళంచెవి ఆ చేతిలో పెట్టి నడిచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఆయన పేరు ఇంజను తిన్నోడు. ఆ పేరున్నవాడికి బండి ఎవరిస్తారు?

ఆ లారీ పెట్టె పీకేసి కొత్త గొట్టం నేనే వేశాను. మిగిలిన నాలుగు లారీల పెట్టెలు మాత్రం విప్పలేదు. విప్పితే ఎందుకని అడుగుతారు కదా. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను: తెలిసీ విప్పలేదు.

మూడు నెలల తర్వాత కుడతిని బస్సులో ఆయన కనబడ్డాడు. తల నిండా బూడిద. అక్కడి కరెంటు ఫ్యాక్టరీ బూడిదను లారీలకు ఎత్తే కూలీగా చేరాడట. పక్కన చోటుంటే కూర్చున్నాను.

"తప్పు నాదేప్పా" అన్నాను.

"తెలుసు మేస్త్రీ. ఆ పొద్దే నీ వేలు చూసినా."

"మరి ఆడే అనొచ్చు కదా?"

"అంటే ఎవరు నమ్ముతారు? నీవు పుస్తకం చదివినోనివి."

"ధణితో చెప్తాలే."

"ధణి చెవిలో ఊదితే నాకేమొస్తాది? పదిమందిలో అంటివి. పదిమందిలోనే చెప్పు."

దానికీ రెండు వారాలు సాకులు వెతికాను. మోకాళ్ల నొప్పి అన్నాను, వాన అన్నాను. చివరికి ఒక పొద్దున టీ అంగడికి వెళ్లి నిలబడే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"అట్లయితే నా బండికి కట్టింది?" అన్నాడు ఒక డ్రైవరు.

"అదీ అంతేప్పా."

"ఇన్నాళ్లూ నోరు మూసుకొని సుమ్నే ఉంటివా నీవు!" అని గ్లాసు బల్ల మీద కొట్టాడు. ఇంకొకడు కుడతినిలో ఉన్న ఆయనకు ఫోను చేసి, స్పీకరు పెట్టి, "నీవు కాదంటప్పా తినింది, మేస్త్రీ ఒప్పుకొన్యాడు" అన్నాడు.

"ముందు ఆ నాలుగు బండ్లు విప్పించండి. ఈ పొద్దే. ఇంజన్లు పోతాయి" అన్నాడు ఆయన అటు నుంచి. తర్వాత, "మేస్త్రీ ఆడ ఉండాడా? ఆ పొద్దు విన్నోళ్లంతా ఉండారా?"

నాకు జ్ఞాపకం ఎక్కువ. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడ్డారో కూడా చెప్పగలను. "సగంమందే ఉండారప్పా" అన్నాను.

"మిగిలినోళ్లకూ చెప్పు" అని పెట్టేశాడు.

నాలుగు పెట్టెలూ రెండు రోజుల్లో విప్పేశాను. రెండు గొట్టాల్లో లోపలంతా ఎరుపే. నా దగ్గర పనికి ఇప్పుడు ఎవరూ రారు. అది న్యాయమే. ఆ మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఒకాయన హొసపేట బస్టాండులో దొరికాడు, విని టీ ఇప్పించాడు. ఇంకొకాయన, "ఇంజను తిన్నోడా, ఆయప్ప నాకు బాగా తెలుసు" అంటూ నేను చెప్పేది వినకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. ఆయనకు రెండుసార్లు చెప్పాను.

డ్రైవరు ఇంకా బూడిదే ఎత్తుతున్నాడు. ఆ పేరు కుడతిని దాకా పోయింది. ఆ రోజు ఆ పేరు పెట్టినవాడు ఇప్పుడు సముద్రం వైపు లారీ తోలుతున్నాడట. అతని నంబరు ఎవరి దగ్గరా లేదు.