వెర్నా చెవిలో పడవ

మా రేవులో వెర్నాను ఎగతాళి చేయని నోరు లేదు. వాటిలో మొదటిది నాదే. ముప్పై ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో ఇద్దరం ఒకే బల్ల దగ్గర నిలబడి లాబ్‌స్టర్లనే పెద్ద రొయ్యలు ఒలిచాం, ఆ మాత్రం హక్కు నాకుంది.

ఏటా వేట మొదలయ్యే నవంబరు చివరి సోమవారం తెల్లవారుతుండగా నలభై పడవలు లాబ్‌స్టర్లు పట్టే బోనులు నింపుకుని సముద్రంలోకి వెళతాయి. మా నోవా స్కోషియా తీరం వదిలి పనులకోసం ఎక్కడెక్కడికో పోయిన మావాళ్ళకోసం వెర్నా దాన్ని ఫోనులో లైవ్ పెడుతుంది. మొదటి ఏడాది ఎక్కడో దూరాన అల్బర్టా నుంచి ఎవడో రాశాడు: "పిన్నీ, పడవలు కనబడుతున్నాయిగానీ గాలి హోరు తప్ప ఏం వినబడట్లేదు." ఆ మాట ఆవిడకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచి ఫోను మైకుకు ఉన్ని మేజోడు ముక్క, చెవులకు ఇయర్‌ఫోన్లు. అవతలివాళ్ళు ఏం వింటున్నారో తన చెవిన పడితేగాని ఆవిడకు నమ్మకం కుదరదు.

"రేవులో నిలబడి రేవును ఫోనులో వింటావటే, మొద్దూ?" అని అందరికంటే ఎక్కువ ఏడిపించింది వాళ్ళన్న ఓరిన్.

ఆ ఓరినే నిరుడు హాలిఫాక్స్ ఆసుపత్రిలో రెండు కళ్ళకూ కట్లతో పడుకున్నాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి అతని పడవ అతను లేకుండా, కూతురు టామ్సిన్ చేతిలో బయలుదేరుతోంది. ముందురోజు చెల్లెలికి ఫోను చేశాడు. "చూడలేను కదే. వినిపించు, చాలు."

ఆ పొద్దున గాలి చెవులు కోసేస్తోంది. ఫోను తెర మీద అంతా బ్రహ్మాండంగా ఉంది. వెర్నా ముఖం మాత్రం మాడిపోయింది.

"ఇంజన్లేవే? నా ఊపిరీ, మఫ్లరు రాపిడీ తప్ప ఏం లేదు!"

కొత్త ఇయర్‌ఫోన్ల తీగకే ఒక బుల్లి మైకు ఉందట. ఫోను తన మైకు వదిలేసి దాన్ని పట్టుకుంది.

"పీకిపారెయ్," అన్నాను.

"పీకితే అన్నయ్యకి ఏం వినబడుతోందో నాకెట్లా తెలుస్తుంది?"

మఫ్లరు లాగేసింది. ఉన్ని ముక్క తీసి బుల్లి మైకుకు చుట్టింది. రేవు అంచున బోర్లా పడుకుని, గాలి తగలని చోటికి తల వంచి, తీగను కిందికి వేలాడదీసింది. అరవై రెండేళ్ళ మనిషి! నేను ఆవిడ బూట్లు పట్టుకుని కూర్చున్నాను.

"ఆఁ, ఇప్పుడు వినబడుతోంది. అదిగో టామ్సిన్!"

నాకు నలభై ఇంజన్లూ ఒకటే రొద. ఇంతలో వెర్నా బిగుసుకుపోయింది. "రాళ్ళ మలుపులో ఇంజను తగ్గిందే. ఆగిపోతుందా ఏంటి?"

ఆగలేదు. మళ్ళీ అందుకుంది.

పది నిమిషాలకు ఓరిన్ ఫోను చేశాడు. నాకూ వినబడేలా వెర్నా స్పీకరు పెట్టింది. "మలుపులో తగ్గించింది, విన్నావా?"

"విన్నా. హడలి చచ్చా."

"నేనెప్పుడూ తగ్గించలేదే. రెండుసార్లు ఆ రాళ్ళకి కొట్టా కూడా. నాకంటే బాగా నడుపుతోందే నా కూతురు!"

ఆ మొండిఘటం ఏడుస్తున్నాడు. నాకూ గర్వంతో గుండె నిండిపోయింది. టామ్సిన్‌ను చూసి కాదు, నేను బూట్లు పట్టుకున్న మనిషిని చూసి.

ఈ ఏడు చూపు వచ్చిన ఓరిన్ స్వయంగా రేవుకు వచ్చాడు. టామ్సిన్ నడిపే పడవ కళ్ళెదుటే మలుపు దాకా వెళ్ళింది. అప్పుడు చెల్లెలి భుజం తట్టాడు.

"ఒక చెవిది ఇటివ్వవే."

పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.