కండక్టరు మాట కండక్టరే చెప్పాలి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఏదో కొడుతూ తనలో తనే నవ్వుకుంటుంటే, ఎవరితోనమ్మా ఆ కబుర్లు అని అడిగాను. మనిషితో కాదట, ఫోనులోని యంత్రంతోనట. ఇద్దరూ కలిసి కథ ఆడుకుంటున్నారు. మా అమ్మాయి రాజకుమారి, అది గజదొంగ. మా పిల్ల ఒక్క వాక్యం రాసి వేలు తీసేలోపు ఆ దొంగగారు పేజీడు జవాబు పంపించేస్తున్నాడు, పైగా రాజకుమారి సిగ్గుపడిందనీ కన్నీళ్ళు తుడుచుకుందనీ కూడా తనే రాసేసుకుంటున్నాడు. రాజకుమారి ఏడ్చిందో లేదో వాడెవడు చెప్పడానికి అని నాకు ఒళ్ళు మండింది. మా అమ్మాయి నన్ను ఎర్రబస్సు దిగి వచ్చినదాన్ని చూసినట్టు చూసింది.

మన వయసు వాళ్ళకి నెట్ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. చెప్పులు బయట విడిచి, అద్దాల తలుపు తోసుకుని, ప్లైవుడ్ చెక్కలతో అడ్డం కట్టిన అరలో కూర్చుంటే, చల్లగాలితోపాటు అంతకుముందు కూర్చున్నాయన తలనూనె వాసన కూడా తగిలేది. డిగ్రీ అయ్యాక పాల్వంచలో అలాంటి సెంటరులోనే నా మొదటి ఉద్యోగం. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో ఊపిరాడనిచ్చేవారు కాదు కానీ, మామూలు మధ్యాహ్నాలు ఊళ్ళోని కరెంటు ప్లాంటులో మొదటి షిఫ్టు దిగేదాకా ఈగలు తోలుకోవడమే పని. ఆ తీరికలోనే, తెలుగువాళ్ళు కొందరు కలిసి కథ ఆడుకునే ఒక సైటు నా కంటపడింది. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం, ఎవరు ఎక్కడివారో ఎవరికీ తెలియదు.

భద్రాచలం నుంచి అడవి ఊళ్ళ వైపు వెళ్ళే బస్సు ఒకటి, వాగు పొంగి ఒడ్డున ఆగిపోయింది. కథ అంతే. అందులో ఒక్కో ప్రయాణికుడు ఒక్కొక్కరి సొత్తు. మేకపిల్లతో ఎక్కిన ముసలాయన ఒకరు, పెళ్ళిచూపులకి బయల్దేరిన మాస్టారు ఒకరు, ఇప్పపువ్వు గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని సీటు కోసం పోట్లాడే ఆవిడని నేను. ఆ బస్సుని మొదలుపెట్టిన ఆవిడని అందరం అక్క అనేవాళ్ళం. ఆట సరదాగానే ఉండేది కానీ మర్యాదల దగ్గర అక్క మహా గట్టిది. ఎవరి మనిషి మాట, ఎవరి మనిషి చేత, వాళ్ళే రాయాలి. ముసలాయన్ని తోశాను అని రాయకూడదు, తోయబోయాను అని రాసి ఆగాలి. పడ్డాడో, తప్పుకున్నాడో, ఎదురు తిట్టాడో ఆయన చెప్పుకోవాలి. ఎవరైనా నాలుగు రోజులు కనిపించకపోతే వాళ్ళ మనిషి కిటికీకి తల ఆనించి కునుకు తీస్తున్నట్టే లెక్క, ఆ నోట్లో మనం మాట పెట్టకూడదు. మన ముక్క అయిపోగానే ఎవరి జవాబు కోసం చూస్తున్నామో వాళ్ళ పేరు పెట్టి, మీ వంతు అని రాసి వదలాలి. పిల్లలాటలా కనిపిస్తుంది గానీ, మనిషికి మనిషి ఇచ్చే మర్యాద అంతకన్నా ఏముంటుంది చెప్పండి.

ఆ ఏడే నాన్నకి పక్షవాతం వచ్చింది. ప్లాంటులో ఫోర్‌మన్, షిఫ్టు బస్సు ఎక్కితే దిగేదాకా నోరు మూతపడని మనిషి. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది, ఒక్క మాట బయటికి రావడానికి ఎంతో సేపు పట్టేది. ఆయన పెదవి కదపగానే అమ్మ అందుకునేది, ఆయనకు చాయ్ గావాలె, ఆయనకు ఉక్కపోస్తున్నది, ఆయన పంటడంట అని. ప్రేమకొద్దీ చేసేదే, అందులో అమ్మ తప్పేమీ లేదు. అయితే చూడ్డానికి వచ్చినవాళ్ళంతా కూడా ఆయన్ని అడగడం మానేసి అమ్మనే అడగడం మొదలుపెట్టారు. నాన్న ఆ మాటల మధ్య గోడకేసి చూస్తూ కూర్చునేవారు.

ఒకరోజు దవాఖానా నుంచి వస్తూ అమ్మ ఆయన్ని మా సెంటరుకి తీసుకొచ్చింది. నా పక్కన కూర్చోబెట్టి బస్సు కథంతా చదివి వినిపించాను. విన్నారు, చాలాసేపు ఆలోచించారు, తర్వాత ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టారు: రైట్ రైట్. అప్పుడు గానీ మాకెవరికీ తట్టలేదు, అన్ని రోజులుగా ఆ బస్సుకి కండక్టరే లేడని.

అలా నాన్న కండక్టరయ్యారు. మధ్యాహ్నాలు అమ్మ ఆటోలో తీసుకొచ్చేది, స్టూలు మీద కూర్చుని మాకు చిక్కుడుకాయ ఈనెలు తీసిపెట్టేది. ఆ కండక్టరు నోటికి హద్దు లేదు. మేకపిల్లకి సగం టికెట్టు కొడతాడు, మాస్టారికి పెళ్ళికూతుర్ని ఏమేం అడగాలో నేర్పుతాడు, నా ఇప్పపువ్వు గంపకి లగేజీ అడిగి నాచేత తిట్లు తింటాడు. నాన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. కండక్టరుగారు కాస్త నిదానస్తులు అనుకుని ఆయన కోసం ఆగేవాళ్ళు, అంతే.

ఒకసారి కొత్తగా చేరిన కుర్రాడొకడు హుషారెక్కువై, కండక్టరు వాగులోకి దిగి ముసలాయన్ని భుజాన మోసి అవతలి ఒడ్డుకి చేర్చాడని రాసేశాడు. మంచిపనే చేయించాడు పాపం. నేను చదివి వినిపిస్తుంటే నాన్న వేలు మీట మీదే ఆగిపోయింది, ముఖం ఎర్రబడింది. ఇంతలో అక్క బ్రాకెట్లు పెట్టి, కథ బయటి మాటగా, కండక్టరు దిగాడో లేదో కండక్టరే చెప్పాలి, అప్పటిదాకా అందరం ఆగుదాం అని రాసింది. ఆగారు. స్క్రీను మీద ఒక్క అక్షరం కదల్లేదు. నాన్న చెమటలు పట్టి కొట్టిన జవాబు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: కండక్టరు దిగలేదు, వెనక సీట్లో ఇద్దరు ఇంకా టికెట్టు తీసుకోలేదు.

నేను పగలబడి నవ్వుతుంటే ఏమైందని అమ్మ అడిగింది. చెప్పాను. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఆయన చెప్పేదాంక అందరు ఆగిండ్రా?" అంది మెల్లగా.

అవ్ అన్నాను. ఆ సాయంత్రం చాయ్ పెట్టేముందు అమ్మ నాన్న ఎదురుగా నిలబడి తాగుతారా అని అడిగి, జవాబు వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. మాట అందుకోకుండా ఉండడం అమ్మకెంత కష్టమో ఆ కొంగుని చూస్తే తెలిసింది.

కొన్నాళ్ళకి నాన్నని మెడికల్ మీద రిటైర్ చేశారు, ప్లాంటువాళ్ళిచ్చిన క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. కారేపల్లి నుంచి పెదనాన్న వచ్చారు. ఊళ్ళో తన ఇంటి వెనక రెండు గదులు బాగు చేయించాననీ, వచ్చేవారం లారీ తెస్తాననీ అన్నీ తనే తేల్చేసి, ఏమంటవమ్మా అని అమ్మకేసి తిరిగారు. మంచి మనసుతోనే వచ్చారు. కానీ ఊరు వెళ్తే నాన్న ఆ రెండు గదుల్లో మంచానికి, మౌనానికి అతుక్కుపోతారని నా భయం. అమ్మ తల ఊపితే అయిపోయేది.

"జర ఆగుండ్రి బావా," అంది అమ్మ. "ఆయన్ని చెప్పనియ్యుండ్రి."

పెదనాన్న రెండుసార్లు నోరు తెరవబోతే అమ్మ చెయ్యి ఎత్తింది. నాన్న పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఉంటాననో వెళ్దామనో అంటారని అందరం చూస్తుంటే, ఎడమచేతి వేలు అమ్మ వైపు చూపించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని అన్నారు.

"నీ... వంతు."

అమ్మ మొదట బిత్తరపోయింది. తర్వాత నేలకేసి చూస్తూ అంది: "నాకు ఈడనే ఉండాలనున్నది బావా. పొద్దుగాల్ల ప్లాంటు సైరన్ ఇనకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు." 'నాకు' అని మొదలయ్యే మాట అమ్మ నోట నేను వినడం అదే మొదటిసారి. అన్నేళ్ళూ ఆవిడ నాన్న తరఫున, మా తరఫున మాట్లాడుతూనే ఉంది, నీకేం కావాలని మాలో ఎవరమూ అడగలేదు. నాన్న తల ఊపారు, ఆయన కళ్ళు నిండిపోయాయి.

పాల్వంచలోనే చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాం. సెంటరుకి రావడం, టికెట్లు కొట్టడం నాన్న చివరిదాకా మానలేదు. తర్వాత ఎప్పుడో ఆ సైటే మూతపడింది, అక్క ఎవరో, ఎక్కడుందో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పుడు ప్రతి ఇంట్లో మనిషికో ఫోను, అందరికీ చెప్పడానికి ఎన్నో ఉన్నాయి, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఓపిక పట్టే తీరికే ఎవరికీ లేదు, నాతో సహా.

అమ్మ ఇప్పుడు ఖమ్మంలో మా దగ్గరే ఉంటుంది, తనకేం కావాలో నిక్కచ్చిగా చెబుతుంది. చెప్పాక మాత్రం కాసేపు ఊరుకుంటుంది, ఎవరో జవాబు చెప్పాల్సి ఉన్నట్టు. ముసలావిడ మాట మరిచిపోయిందనుకుని పిల్లలు గబగబా అందుకుంటారు. అది నాన్న కోసం ఆగడమని వాళ్ళకి తెలియదు.