ఎర్రమట్టి దారిలో లారీ సీరియల్

ఆస్ట్రేలియాలో బ్రోకెన్‌హిల్ ఊరు దాటాక ఎర్రమట్టి మైదానం మధ్యలో మా బస్సు చెడిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. డ్రైవర్ రేడియోలో ఎంత పిలిచినా జవాబు రావడం లేదు. సిగ్నల్ దొరికేదాకా నడుద్దామని నీళ్ల సీసా తీసుకుని లేచాను.

పక్క సీట్లోని పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. ఫిజీలో పుట్టిన తెలుగావిడ. పొద్దుట్నుంచీ కబుర్లు చెప్పుకుంటున్నాం.

“ఎల్లకు బాబూ, కూకో. మేం సిడ్నీ వచ్చిన కొత్తలో టీవీలో ఒక సీరియల్ వచ్చేది. మొగుడూ పెళ్లాం లారీ ఏసుకుని ఈ ఎడారి రోడ్లన్నీ తిరిగేవోళ్లు. లారీ చెడిపోతే ఆ పెళ్లాం బండి నీడ వదిలేది కాదు.”

“అది సీరియల్ ఆంటీ! మనం నిజంగానే ఇరుక్కుపోయాం.”

“మా ఆయనా నేనూ ఒక్క వారం కూడా చూడ్డం మానేవోళ్లం కాదు. రిటైరయ్యాక మనమూ ఇట్టా తిరుగుదాం అనేవోడు. తిరక్కుండానే పోయాడు.”

నన్ను కిందికి దింపి బస్సు నీడలో కూర్చోబెట్టి, ఆ లారీ ఇసుకలో దిగబడ్డ కథ, వాగులో చిక్కుకున్న కథ నవ్వుతూ చెప్పింది. నేను వింటూనే రోడ్డు వైపు చూస్తూ ఉన్నాను.

ఎండ వాలుతుండగా ఆ దారినే ఖాళీగా వెళ్తున్న ఇంకో బస్సు వచ్చి ఆగింది. అప్పుడు నా చెయ్యి వదిలింది.

“నీకోసం నిన్ను ఆపలేదు బాబూ. నువ్వెల్లిపోతావని నాకే భయమేసింది.”

కొత్త బస్సులో సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను.