రోడ్డు కింది ఇల్లు

వీధిలో అందరూ డ్రైవర్ బాబాయ్ అని పిలిచే ఆ పెద్దమనిషి ఉద్యోగమంతా ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపాడు. రిటైరయ్యాక కొనుక్కున్న స్థలం కూడా కొండవాలులోనే దొరికింది. రోడ్డంచున నిలబడి చూస్తే నేల అమాంతం కిందికి జారిపోయేది.

"ఇక్కడ ఇల్లు కాదు బావా, మేకలు పెంచు" అని బావమరిది ఎగతాళి చేశాడు.

బాబాయ్ నవ్వి ఊరుకున్నాడు. ఆయన ధీమా అంతా కూతురు. ఆర్కిటెక్చర్ చదువు అప్పుడే పూర్తిచేసింది. ఆమె గీయబోయే మొదటి ఇల్లు ఇదే.

వాలంతా తవ్వి చదును చేసి, మధ్యలో ఇల్లు కట్టాలని ఆయన ఆశ. కూతురు ససేమిరా అంది.

"అంత తవ్వితే పైనున్న రోడ్డు ఎప్పుడు కూలుతుందోనని బెంగపడుతూ బతకాలి నాన్నా. నేల ఎలా దిగుతోందో ఇల్లూ అలాగే దిగనీ."

"మరి నానమ్మో? మోకాళ్ళ నొప్పులతో ఆవిడ అన్ని మెట్లు ఎక్కగలదా?"

కూతురు కాగితాలు చుట్టేసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. పిల్లని చిన్నబుచ్చానేమోనని బాబాయికి ఆ పూట అన్నం సహించలేదు.

కొన్నాళ్ళకి ఆమె అట్టముక్కలతో చేసిన బుల్లి ఇంటిని తెచ్చి నానమ్మ ముందు పెట్టి, కప్పు తీసి చూపించింది.

"రోడ్డు మీంచి తిన్నగా లోపలికొస్తాం. హాలు, వంటిల్లు, నీ గది అన్నీ ఇక్కడే. మా పడగ్గదులు కింద. మెట్లతో తంటా మాకే."

నానమ్మ వేలితో కిటికీ తడిమింది. "ఇది రోడ్డువైపు పెట్టావేమే?"

"వచ్చేపోయేవాళ్ళని పలకరించకపోతే నీకు తోచదుగా."

"ఈ ఇంట్లో నన్ను పట్టించుకున్నది ఇదొక్కతేరా" అంది నానమ్మ, కొడుకు వంక చూస్తూ.

ఆ మాట బాబాయికి చురుక్కుమనలేదు సరికదా, ఛాతీ పొంగిపోయింది. ఇల్లు వాలులోకి దిగితే గుమ్మం కూడా అడుగునే ఉంటుందని తనెందుకు అనుకున్నాడో ఆయనకే అర్థం కాలేదు.

ఇల్లు అలాగే లేచింది. రోడ్డు మీంచి చూస్తే ఒక్క అంతస్తే కనిపిస్తుంది. పాత సహోద్యోగులు బస్సు నెమ్మది చేసి, "ఇంతేనా బాబాయ్?" అని అడుగుతుంటారు.

సెలవు రోజున ఎవరైనా వచ్చారంటే ఆయన గుమ్మంలోకి అడుగు పెట్టనివ్వడు. పక్కదారిన వాలు చివరిదాకా దింపి, వెనక్కి తిప్పి, పైకి చూడమంటాడు.

"మా అమ్మాయి గీసింది."

వాళ్ళు ఏమీ అడగకుండానే.

"చాల్లే నాన్నా, ముందు వాళ్ళని లోపలికి రానీ" అంటుంది కూతురు పైనుంచి.

"ఉండవే, ఇంకా సరిగ్గా చూడలేదు వీళ్ళు."