మామ గట్టున దొరికిన పూర్వీకుడు

మనిషి చరిత్రను తిరగరాయబోయి సొంత మామ భూమికి ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను. ఇప్పుడు తలుచుకుని హాయిగా నవ్వుకుంటున్నాను కానీ, అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

అప్పుడు హిందూపురంలో డిగ్రీ ముగించి అక్కడే బి.ఇడి. చదువుతున్నాను. అంతరించిపోయిన మానవ జాతుల మీద సెమినార్ ఇచ్చి, చప్పట్లు కొట్టించుకుని, ఆ మత్తు దిగకముందే పెనుకొండ దగ్గర మా అమ్మ పుట్టినూరికి వెళ్లాను. నియాండర్తల్ మనుషులు, ఇండోనేషియాలో ఒక దీవిలో బతికిన మూడున్నర అడుగుల మనుషులు, అందరూ నా బుర్రలో కాపురం పెట్టేశారు. బస్సులో పక్క సీటాయన నుదురును కూడా కళ్లతోనే కొలిచాను, పాపం.

ఓబులప్ప మామ గొర్రెల దొడ్డి కోసం చేని గట్టున గుంత తవ్వుతుంటే పుర్రె ఒకటి బయటపడింది. చిన్న కొబ్బరికాయంత ఉంది. వాలిన నుదురు, కళ్లపైన ఉబ్బిన ఎముక, గడ్డం లేనే లేదు. చుట్టూ మట్టిలో ఎర్రటి పొడి. పాతకాలపు మనుషులు శవాలకు జేగురు పూసేవారని సెమినార్‌లో చెప్పింది నేనే కదా.

"మామా, పార పక్కన పెట్టు. ఇది లక్ష ఏండ్ల నాటి మనిషి," అన్నాను.

"ఇంత తలకాయా? పిల్లోడిదేమో అప్పా."

"కాదు మామా, పెద్దోడే. పొట్టి జాతి. మనకంటే ముందు శానా రకాల మనుషులు ఉండిరి. అందరూ పోయి మనమొకరే మిగిలినాము."

"మరి ఈ కోరలేంటికి?"

"అప్పట్లో వంటలు తక్కువ కదా," అన్నాను. ఇలాంటివాడికి బి.ఇడి. పట్టా ఎలా ఇచ్చారో మీరే ఆలోచించండి.

అంతటితో ఆగినా బాగుండేది. డిగ్రీలో చరిత్ర చెప్పి ఇప్పుడు ధర్మవరంలో ఉన్న మా పాత లెక్చరర్‌కు ఫోన్ చేశాను. "ఎవురూ ముట్టుకోవద్దండి, రేపు పొద్దున్నే వస్తాండా. నిజమైతే పైవాళ్లకు రాద్దాం," అన్నాడాయన. ఆ మాట మామ చెవిన పడింది. పెనుకొండ చుట్టుపక్కల రాయి కదిలిస్తే కోటగోడో గుడిమెట్టో అంటారు కాబట్టి, పురావస్తు శాఖవాళ్ల కంచె, బోర్డు అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు.

"ఏమప్పా, సర్కారోళ్లొచ్చి ఈడ కంచె ఏస్తే నేను శెనిక్కాయలు యాడ ఏసుకోవల్ల? ఉండేదే రెండెకరాలు."

"దేశానికి పేరొస్తాది మామా."

"పేరును గొర్రెలు మేస్తాయా?"

ఆ పూట మామ సంగటి ముట్టకుండానే లేచిపోయాడు. నాకు అప్పుడు భయమేసింది. చేసిన ఫోన్‌ను వెనక్కి తీసుకోలేను కదా.

మరునాడు పొద్దున లెక్చరర్ ఫోన్. "పెనుకొండలో దిగినా. ఆటో ఎక్కుతాండా." సరిగ్గా అప్పుడే మామ తల్లి, అంటే మా అవ్వ, కర్ర పొడుచుకుంటూ గట్టుకు వచ్చింది. గుంతలోకి తొంగి చూసి లెంపలేసుకుంది.

"ఎవడ్రా ఆంజనేయసామిని తవ్వినోడు?"

"అవ్వా, అది ఆదిమానవుడు."

"నీ తలకాయ. కరెంటు తీగె తగిలి సచ్చిపోయిన కోతి అది. నాలుగేండ్లాయ. ఊరంతా సేరి, పసుపు కుంకుమ పోసి పూడ్చినాము. ఇంగ జానెడు తవ్వు, తోక కూడా ఉంటాది."

తవ్వాను. ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నేను గట్టును తవ్వి కోతిని పట్టాను. కోతి పోయిన ఏడాది మామ బెంగళూరులో కూలిపనికి పోయి ఉండటంతో ఈ సంగతి ఆయనకు తెలియలేదు. గుంత పక్కనే కూలబడి, రెండెకరాలూ మళ్లీ తన పేరున రాసిచ్చినంత సంబరంగా నవ్వాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆటో దిగిన లెక్చరర్ తోకను చూశాడు, నన్ను చూశాడు, "నాష్టా అన్నా ఉండాదా అప్పా?" అని మాత్రం అడిగాడు.

టెంకాయ కొట్టి సామిని మళ్లీ పూడ్చాము. ఇడ్లీలు తింటూ మామ అన్నాడు, "నేనంటే ఊర్లో లేను. ఊరంతా తెలిసిన సంగతి నీకెట్ల తెలీలేదప్పా?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "ఎందుకు తెలీదు? సామి పదకొండో దినానికి హిందూపురం నుంచి వచ్చి ముందు పంక్తిలో కూర్చున్న్యాడు కదా. వడలు మూడుసార్లు ఏయించుకున్న్యాడు. ఎవరి దినమవ్వా అని ఒక్క మాట అడిగింటే ఒట్టు."

అందుకే పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో ఇకమీదట ఎవరికీ చెప్పను. ఎవరి దినమో కనుక్కోకుండా విస్తరి ముందు కూర్చోను.