మరక పోని మెట్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ మాట మా అత్తమ్మ నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే తేల్చేసింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా" అని ఆమె నాకు చెప్పని రోజు లేదు. కానీ ఆ నోరే లేకపోతే మా మగ్గాల వాడలోని మెట్ల బావి ఈపాటికి మొరం మట్టి కింద ఉండేది. అందుకని ఈ ఒక్క విషయంలో నా నోటిని నేనే మెచ్చుకుంటాను.

ఆ బావి సంగతి ముందు చెప్పాలి. మా వాడలో అద్దకం పెట్టిన నూలును ఆ బావి మెట్ల మీదే జాడించేవాళ్లు. ఏ ఇంటి మెట్టు ఆ ఇంటిదే. ఎర్ర రంగు వేసే ఇల్లు ఎర్ర మెట్టు మీద, నీలం వేసే ఇల్లు నీలం మెట్టు మీద. ఒకరి మెట్టు మీద ఇంకొకరు కూర్చోవడం కుదరదు. ఎర్ర నూలుకు ఒక్క నీలం చుక్క అంటిందంటే చీర మొత్తం పాడు. రంగునీళ్లు బావిలో కలవకుండా మెట్టు పక్కనే రాతి కాలువ ఉంటుంది. కొత్త కోడలు రాగానే అత్త ఆమెను బావికి తీసుకుపోయి, తన మెట్టు మీద కూర్చోబెట్టి అప్పగించేది. మా అత్తమ్మకు వాళ్ల అత్త అప్పగించింది ఎర్ర మెట్టు. నేను వచ్చేసరికి ఇంటింటికీ బోరు నీళ్లు వచ్చాయి, బావి దగ్గరికి పోయే అవసరం తప్పింది. నాకు ఎవరూ ఏ మెట్టూ అప్పగించలేదు.

తెలంగాణ వచ్చాక మా ఊరికి సిమెంటు రోడ్లు వచ్చాయి, ఇంటి ముందుకు నల్లా వచ్చింది. బావిలోకి మాత్రం చెత్త వచ్చింది. చివరికి ఒకనాడు గ్రామసభలో మా సర్పంచి లేచి, బావిని పూడ్చి దుకాణాలు కడతానన్నాడు. ఎందుకని నేను అడిగాను.

"గా బావిల ఏమున్నదమ్మా? పాములు, పగిలిన సీసలు. దుకాణాలు కడితే పంచాయతికి కిరాయన్న వస్తది."

"సీసలు ఏసింది ఎవరు సర్పంచి సాబ్, పాములా?" అన్నాను నేను.

సభంతా నవ్వింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? నేను నల్లగొండలో చేనేత చీరల దుకాణంలో పనిచేస్తాను. పాత కట్టడాలను బాగా కాపాడుకున్న ఊళ్లకు రాష్ట్రం తరఫున అవార్డు ఇస్తారని అక్కడే పేపర్లో చదివాను. ఆ ముక్క నోటిదాకా వచ్చింది, ఆగలేదు.

"గీ బావికి హైదరాబాదు నుంచి అవార్డు తెస్తం. తెస్తే ఏం జేస్తవ్?"

"తెస్తే దుకాణాలు బస్టాండు కాడ కట్టుకుంట. తేకుంటే మొరం పోసుడే. మల్ల అడ్డం రావద్దు."

ఆయన మాట మీద ఉండే మనిషి. ఆ వారంలోనే ట్రాక్టర్లతో మొరం తెప్పించి బావి ఒడ్డున ఇల్లంత ఎత్తు కుప్ప పోయించాడు. బావి మా ఇంటి ఎదురుగానే, పొద్దున్నే వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే ఆ ఎర్ర కుప్పే నా మొహం మీద. వాడకట్టులో అందరూ నన్ను తిట్టారు. అత్తమ్మ మాత్రం తిట్టలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. "బావి పోతే నా మెట్టు పోతది గదనే" అంది.

ఇక పని మొదలుపెట్టాం. సెలవు రోజుల్లో మగ్గాలు ఆపి అందరూ బావిలోకి దిగారు. చెత్త తీశారు, పూడిక తీశారు, ఒరిగిన రాళ్లను మేస్త్రీని పిలిచి పాత పద్ధతిలోనే సున్నంతో కూర్చోబెట్టించారు. ఎవరైనా సిమెంటు మాట ఎత్తితే నేను మీద పడి అరిచేదాన్ని. కేతేపల్లి నుంచి మా ఆడబిడ్డ కూడా వచ్చి తట్టలు మోసి, "వదినె నోరుకంటె మొరమే నయం" అని పోయింది.

మట్టి పోయేకొద్దీ మెట్లు బయటపడ్డాయి. వాటితోపాటు రంగులు కూడా. ఒక మెట్టు ఎరుపు, ఒకటి నీలం, ఒకటి పసుపు, ఇంకోటి పచ్చ. తరతరాలుగా నూలు జాడించీ జాడించీ రాయి రంగు తాగేసింది. నేను ఫోటోలు తీసి అవార్డుకు పంపాను. మా బావి గొప్పంతా ఈ రంగుల మెట్లే అని రాశాను. కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది, బావిని చూడటానికి మనుషులు వస్తున్నారని. వాడకట్టంతా పండుగే పండుగ.

వాళ్లు రావడానికి ముందు రోజు నేను హాలియాలో పెళ్లికి పోవలసి వచ్చింది. అక్కడే చేశాం తప్పు, నేను పోయి, వీళ్లు ఉండి. సాయంత్రం బస్సు దిగి నేరుగా బావి దగ్గరికి పోయాను. ఆడవాళ్లంతా చీరలు ఎగదోపి, చెమటలు తుడుచుకుంటూ, నన్ను చూసి నవ్వుతున్నారు. బ్లీచింగు వాసన ముక్కు పగిలేలా కొడుతోంది. మెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. ఎరుపు లేదు, నీలం లేదు.

"సూసినవా బిడ్డా, అద్దం లెక్క జేసినం" అంది అత్తమ్మ. "పెద్దోళ్లు వస్తాండ్రు, గన్ని మరకలు పెట్టుకోని ఎట్ల సూపెడతం? పొద్దుగాల సంది రుద్దుతున్నం."

ఓ యమ్మో! నేతపని చేసేవాళ్లకు మరకను మించిన శత్రువు లేదు. చీర మీద వేలి ముద్రంత మరక ఉన్నా దుకాణదారు పక్కకు విసిరేస్తాడు. పుట్టినప్పటి నుంచీ మరకను చూస్తే రుద్దడమే తెలిసిన చేతులు అవి. ఇంకే కులవృత్తివాళ్లూ ఈ పని చేసి ఉండరు. నాకు ఇదంతా ఇప్పుడు అర్థమవుతోంది గానీ అప్పుడు అర్థం కాలేదు.

"కొంప ముంచిండ్రు గదనే! అవార్డు గా మరకలకే ఇస్తరు!" అని అరిచాను. నా అరుపుకు మొరం కుప్ప మీద పడుకున్న కుక్క కూడా లేచి పోయింది. అందరి మొహాలూ మాడిపోయాయి. అత్తమ్మ చేతిలో కొబ్బరి పీచు అలాగే ఉండిపోయింది. ఒకావిడ నెమ్మదిగా, "రంగు మన చేతుల్నే ఉన్నది గద. మల్ల పూద్దామా?" అంది.

"వద్దు" అంది అత్తమ్మ, నాకంటే ముందే. "దొంగ రంగు నా మెట్టు మీద పడొద్దు."

మర్నాడు హైదరాబాదు నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్దావిడ చేతిలో నేను పంపిన ఫోటోలు ఉన్నాయి. సర్పంచి దండలతో ఎదురొచ్చాడు. మీసాల కింద నవ్వు దాచుకున్నాననుకున్నాడేమో, నాకైతే కనబడింది. పెద్దావిడ ఫోటో చూసింది, మెట్లు చూసింది, మళ్లీ ఫోటో చూసింది.

"ఆ బావేనా ఇది?" అంది.

దాచి ఏం లాభం? జరిగింది జరిగినట్టు చెప్పేశాను. నేతగాళ్లం కాబట్టి మరక అనుకుని రుద్దారని, తప్పు వాళ్లది కాదని, వాళ్లకు ముందే చెప్పకుండా పెళ్లికి పోయిన నాదని. ఆమె ఫోటోలు సంచిలో పెట్టి, "పోనీ, ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్లో చూపించగలరా?" అని అడిగింది.

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుంటూ దిగింది. తన మెట్టు దగ్గర ఆగి బొక్కెన అడిగింది. పొడి రాయి మీద నూలు పెడితే పోగు పట్టి తెగుతుంది, అందుకని ముందు మెట్టు తడపడం వాళ్ల అలవాటు. చేతిలో నూలు లేకపోయినా ఆమె చెయ్యి ఆ అలవాటు మరవలేదు. బొక్కెనెడు నీళ్లు మెట్టు మీద గుమ్మరించింది.

మెట్టు ఎర్రబడింది.

నేను కళ్లు నులుముకున్నాను. రుద్ది కడగకుండా వదిలేసిన బ్లీచింగు పైన తెల్లటి పూతలా ఆరింది అంతే, రాయి లోపల తాగిన రంగును అది ఏమీ చేయలేకపోయింది. తడవగానే ఎరుపు పైకి తేలింది.

"అగో! నా ఎర్ర మెట్టు!" అని అత్తమ్మ చిన్నపిల్లలా కేక వేసింది. "యాడికి పోలే బిడ్డా, గీడనే ఉన్నది!"

ఇక ఆగుతారా? ముసలమ్మలంతా బొక్కెనలు పట్టుకుని దిగారు. ఎవరి మెట్టు మీద వాళ్లు నీళ్లు పోశారు. నీలం తేలింది, పసుపు తేలింది, పచ్చ తేలింది. "నాది సూడుండ్రి", "నాది సూడుండ్రి" అని బావంతా అరుపులే. ఆ పెద్దావిడ చెప్పులు విడిచి, తడి మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కరినీ పలకరించింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పైకి చూస్తే సర్పంచి కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత ఆయనే పరుగున పోయి ఇంకో బొక్కెన తెచ్చాడు. అది మాత్రం ఒప్పుకోవాలి.

అవార్డు మాకే వచ్చింది. హైదరాబాదులో పెద్ద హాలులో మా ఊరి పేరు చదివారు. అత్తమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె అందరి ముందే శాలువా అంచు వేళ్ల మధ్య నలిపి చూసి, నా వైపు తిరిగి, "మిల్లుదే" అంది. మైకులో వినబడింది. హాలంతా చప్పట్లు, నవ్వులు. శాలువా కప్పిన పెద్దాయన కూడా నవ్వాడు. నేను మాత్రం అన్నం తినకుండానే కడుపు నిండినట్టు కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే మా వాకిట్లో ట్రాక్టరు చప్పుడైంది. సర్పంచి మాట మీద నిలబడ్డాడు. మొరం ఎత్తి బస్టాండు వైపు తీసుకుపోతున్నారు. వాడకట్టంతా ఒడ్డున నిలబడి చూసింది. ట్రాక్టరు నిండిన ప్రతిసారీ ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. "ఒక్క తట్ట కూడ ఉంచకు కొడుకా, ఊడ్సుకొని పో" అని అత్తమ్మ డ్రైవరుకు చెబుతూనే ఉంది. కుప్ప ఉన్నచోట నేల కనబడ్డాకే ఆమె నా చెయ్యి పట్టుకుని బావిలోకి దింపింది.

ఎర్ర మెట్టు మీద నీళ్లు పోసింది. అది ఎర్రబడేదాకా చూసింది.

"కూసో" అంది.

"నేనెందుకు అత్తమ్మా, నువ్వు కూసో."

"మా అత్త నాకిచ్చింది. నువ్వొచ్చినప్పుడే నీకియ్యాలె, ఇయ్యకపోతి. ఇగ కూసో పిల్లా, గిది నీది."

కూర్చున్నాను. చీర కింద తడిసిపోయింది. అయినా లేవలేదు.